తులం బరువు పిట్ట

ఏప్రిల్ ఆఖరు నుంచి మే ఆఖరుదాకా, రాత్రి పడుకోబోయే ముందు గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకోవడం నాకు అలవాటైపోయింది. ఉత్తరం గాలి అయితే మామూలుగా పడుకుంటాను. నైరుతి గాలి అయితే అలారం నాలుగున్నరకి పెట్టుకుంటాను, వీలైతే మర్నాటికి సెలవు కూడా పెట్టేస్తాను. ఎందుకంటే ఆ గాలి వీపు తట్టి తోస్తుంటే, మెక్సికోలోనూ కరీబియన్ దీవుల్లోనూ దక్షిణ అమెరికాలోనూ చలికాలం గడిపిన చిన్న చిన్న పాటల పిట్టలు పొద్దుగుంకాక లేచి, రాత్రంతా ఎగిరి ఉత్తరానికి వస్తాయి. అమెరికాలో వాతావరణ శాఖ రాడార్లలో వానమబ్బులు కనపడ్డట్టే ఈ పిట్టల గుంపులూ కనపడతాయి. ఆ రాడార్ లెక్కలతోనే బర్డ్‌కాస్ట్ అనే సైటు ఏ రాత్రి ఎన్ని పిట్టలు గాల్లో ఉన్నాయో చెబుతుంది. మే మొదటి పదిహేను రోజుల్లో ఒక్క రాత్రిలోనే దేశం మొత్తం మీద 30 కోట్లు దాటిన సందర్భాలున్నాయి. మనం దుప్పటి కప్పుకుని నిద్రపోతుంటే మన పైకప్పు మీదుగా ఇంత జనం వెళ్తున్నారా అని మొదటిసారి తెలిసినప్పుడు నాకు ఆ రాత్రి నిద్రే పట్టలేదు.

తెల్లారేసరికి వాటికి దిగాలి, తినాలి. ఆ వేళకి కింద న్యూయార్క్ ఉంటే ఎటు చూసినా సిమెంటే, ఆ సిమెంటు మధ్యలో ఒక పెద్ద పచ్చటి చాప పరిచినట్టు సెంట్రల్ పార్క్. 843 ఎకరాలు, మన కేబీఆర్ పార్కుకి రెండింతలకు పైనే. అందుకే అక్కడే దిగుతాయి. ఆ పార్కు నడిమధ్యలో ర్యాంబుల్ అని ఒక చోటుంది, వంకర కాలిదారులు, సెలయేళ్ళు, బండరాళ్ళు, పొదలు. చూస్తే సహజంగా పెరిగిన అడవే అనుకుంటాం గానీ ఓమ్‌స్టెడ్, వాక్స్ అనే ఇద్దరు 1850ల చివర్లో అడవిలా ఉండాలని గీసి కట్టించినది అది. ఈ పార్కులో ఇప్పటిదాకా 270కి పైగా జాతుల పక్షుల్ని చూసినట్టు నమోదై ఉంది.

పోయిన ఏడాది మేలో అమ్మ మా దగ్గరే ఉంది. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి పక్క పల్లెటూరు మాది. ఆరు నెలలుందామని వచ్చి, మార్చి చలికి జెర్సీ సిటీలో మా రెండు గదుల ఇంట్లో కిటికీ పక్కనే కూర్చుని గడిపింది పాపం. పలకరించే మనిషి లేడు, వాకిలి లేదు, చెట్టు లేదు. మే రెండో వారంలో ఒక గురువారం నైరుతి గాలి బాగా వీస్తోందని సెలవు పెట్టి, వస్తావా అని అడిగితే, అప్పటికే లేచి స్నానం కూడా చేసి కూర్చుంది. చీర, పైన నా స్వెట్టరు, కాళ్ళకి స్పోర్ట్స్ షూ, చేతిలో చపాతీల డబ్బా.

జర్నల్ స్క్వేర్ స్టేషన్‌లో న్యూయార్క్ వెళ్ళే పాత్ ట్రైన్ ఎక్కి 33వ వీధిలో దిగాం. ఆరు కూడా కాలేదు. సబ్‌వే మెట్ల వైపు నడుస్తుంటే ఒక పెద్ద భవనం ముందు అమ్మ టక్కున ఆగిపోయింది. ఆ భవనానికి కింది అంతస్తులన్నీ అద్దాలే, ఎదురుగా రోడ్డు పక్కనున్న చెట్టు ఆ అద్దంలో అచ్చం ఇంకో చెట్టులా కనపడుతోంది. కింద ఫుట్‌పాత్ మీద గోడవార ఏదో పసుపుపచ్చగా ఉంది. నేనైతే చూడకుండా దాటిపోయేదాన్ని.

"ఓలమ్మ, పిట్టే ఇది! బతికే ఉంది."

మగ కామన్ యెల్లోథ్రోట్. ఇక్కడ వార్బ్లర్లు అని పిలిచే చిన్న పాటల పిట్టల కుటుంబంలోది. గొంతు పసుపు, వీపు ఆకుపచ్చకీ గోధుమకీ మధ్య రంగు, కళ్ళకి అడ్డంగా నల్లటి పట్టీ, దాని పైన సన్నటి తెల్ల గీత. పసిపిల్లకి కాటుక పెడితే అది చెయ్యి పెట్టి చెరిపేసుకున్నట్టు ఉంటుంది ఆ మొహం. ఈకలన్నీ ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసి, ముక్కు కొంచెం తెరిచి, ఒంటికాలి మీద ఒరిగి కూర్చుంది. మనుషులు అంత దగ్గరికొస్తే నిలబడే పిట్ట కాదది, పొదల్లోంచి బయటికే రాదు. కదలకుండా ఉందంటే అద్దానికి కొట్టుకుందని అర్థం.

ఈ నెలంతా నా సంచిలో రెండు కాగితపు సంచులు మడిచి పెట్టుకుంటాను, ఇందుకే. నేను సంచి తీసేలోపే అమ్మ వెనక నుంచి వంగి, కోడిపిల్లని పట్టినట్టు రెండు చేతులతో రెక్కలు ఒంటికి ఆనించి ఎత్తేసింది. ఊళ్ళో కోళ్ళని పెంచిన చెయ్యి, ఎంత గట్టిగా పట్టాలో ఎంత వదులుగా పట్టాలో దానికి తెలుసు. ఎత్తి ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది.

"ఏటే, చేతిలో ఉన్నట్టే లేదు. తులం ఉంటాదా?"

సరిగ్గా అంతే ఉంటుంది. పది గ్రాములు, ఇవాళ షాపులో తూచే తులం బంగారమంత. ఆ పది గ్రాములు వందల మైళ్ళు చీకట్లో ఎగిరి వచ్చి ఒక ఆఫీసు గోడకి తగిలాయి.

నోట్లో రెండు చుక్కలు నీళ్ళు పొయ్యమంది అమ్మ. వద్దన్నాను. దెబ్బ తిన్న పిట్టకి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, మేత కూడా పెట్టకూడదు. చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచడమే మనం చెయ్యగలిగిన వైద్యం. సంచి అడుగున టిష్యూ కాగితం పరిచి, పిట్టని లోపల పెట్టి, మూతి రెండు మడతలు పెట్టి క్లిప్పు పెట్టాం. కాగితంలోంచి గాలి ఆడుతుంది. మాన్‌హట్టన్‌లో కొలంబస్ ఎవెన్యూ మీద వైల్డ్ బర్డ్ ఫండ్ అని అడవి పక్షుల ఆసుపత్రి ఒకటుంది, అక్కడికి తీసుకెళ్ళాలి. కానీ అది తెరవడానికి ఇంకా చాలా టైముంది. సరే పార్కు దారిలోనే కదా అని బి ట్రైన్ ఎక్కి 81వ వీధిలో దిగాం. ట్రైన్‌లో అమ్మ ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ చుట్టూ అడ్డం పెట్టి కూర్చుంది. ఎదుటి సీట్లో పెద్దాయన అడిగితే చెప్పాను. ఆయన చెవిలోంచి ఇయర్‌ఫోన్లు తీసేసి, మేము దిగేదాకా ఆ సంచినే చూస్తూ కూర్చున్నాడు.

ర్యాంబుల్‌లో టుపెలో మెడో అని ఒక చిన్న పచ్చిక బయలు, పక్కన ముసలి టుపెలో చెట్టు. అక్కడ బెంచీ మీద అమ్మని కూర్చోబెట్టాను. సంచి తన పక్కన పెట్టుకుని, కొంగు దాని మీద కప్పింది. నేను బైనాక్యులర్ తీసి మెడ వెనక్కి వాల్చి మొదలుపెట్టాను. ఆ పొద్దున్న ఎలా ఉందో చెప్పడం కష్టం. చెట్టు నిండా చప్పుడే. ఒక్కొక్క కొమ్మ మీద నాలుగైదు కదులుతున్నాయి, ఒకటి చూస్తుంటే ఇంకోటి, అది వదిలి ఇది పట్టుకునేలోపు రెండూ పోయాయి. కొత్తవాళ్ళందరికీ ఇదే కష్టం, పిట్ట బొటనవేలంత, ఆకు చాటున ఒక్క సెకను కూడా నిలవదు.

అమ్మకి బైనాక్యులర్ ఇస్తే కళ్ళకి పెట్టుకుని, ఏమీ కనపట్లేదని ఇచ్చేసింది. ఆ తర్వాత ఊరికే చెట్టు మొత్తాన్ని చూస్తూ కూర్చుని, నాకన్నా ముందు అన్నీ పట్టేసింది! "అదిగో కుడేపు కొమ్మ, కిందకి దిగుతోంది సూడు." చూస్తే బ్లాక్ అండ్ వైట్ వార్బ్లర్, మాను పట్టుకుని తలకిందులుగా దిగుతోంది, ఒళ్ళంతా నలుపూ తెలుపూ గీతలే. "దీనికి మెళ్ళో నల్లపూసలున్నాయే" అంటే మాగ్నోలియా వార్బ్లర్, పసుపుపచ్చటి రొమ్ము మీద నల్లటి గీతలు గొలుసులా వేలాడతాయి. ఎనిమిదేళ్ళ నుంచి పుస్తకాలు చూసి గుర్తులు బట్టీ పట్టిన నాకు ఆ నల్లపూసల మాట తట్టలేదు, ఇప్పుడు ఆ పిట్టని ఇంకోలా చూడలేను.

బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్ ఒక్కటి మాత్రం నేనే చూశాను. ఓక్ చెట్టు చిటారు కొమ్మన, ఎండ అప్పుడే తగిలిన చోట, గొంతు కనకాంబరం రంగు. ఆ రంగుని కెమెరాలో ఎప్పుడూ చూసినట్టు రాదు. మగ పిట్ట తల వెనక్కి వేసి పాడుతుంటే గొంతు నిండా ఆ రంగే ఉబ్బుతుంది, పాట చివర్లో సన్నగా, సన్నగా పైకి పోయి వినపడకుండా అయిపోతుంది. అమ్మకి చూపించాలని ఎంత ప్రయత్నించానో, అంతలో ఆకుల్లోకి పోయింది.

తర్వాత అమ్మ ఒక మాటంది. "అన్నీ ఆ చెట్టుకే ఎందుకెళ్తున్నాయో సూడు. పూతకి పురుగు పట్టింది." నిజమే. మే మొదట్లో ఓక్ చెట్లకి పూత దారాల్లా కుచ్చులు కుచ్చులుగా వేలాడుతుంది, దాని కోసం సన్నటి ఆకుపచ్చ గొంగళి పురుగులు పుడతాయి, రాత్రంతా ఎగిరి ఒంట్లో కొవ్వు కరిగిపోయిన పిట్టలకి అవే అన్నం. ఏళ్ళ తరబడి పార్కులో తిరిగిన వాళ్ళు నాకు చెప్పిన కిటుకు కూడా ఇదే, పిట్టని వెతకొద్దు, పూసిన ఓక్‌ని వెతుక్కో అని. జీడితోటలో పురుగు చూసిన కంటికి అది అరగంటలో అర్థమైంది.

మధ్యమధ్య సంచి దగ్గర చెవి పెట్టి వింటూనే ఉంది. ఒకసారి లోపల టకటకమని గోళ్ళ చప్పుడు వచ్చింది. "లేసాడే!" అని అమ్మ మొహం వెలిగిపోయింది. వదిలేద్దామా అంది. వదలకూడదు. లేచి ఎగిరిన పిట్టకి కూడా లోపల దెబ్బ ఉండొచ్చు, తలలో వాపు ఉంటే కాసేపటికి మళ్ళీ పడిపోతుంది, ఈలోపు పిల్లులు, ఎలుకలు.

తెరిచే వేళకి నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళాం. మా ముందు ఇద్దరు, వాళ్ళ చేతుల్లోనూ సంచులే, ఒకరిది బూట్ల డబ్బా. ఎక్కడ దొరికిందో, ఎన్నింటికి దొరికిందో రాసుకున్నారు, ఆ చిరునామా ఏ భవనం దగ్గర ఎన్ని పిట్టలు పడ్డాయనే లెక్కల్లోకి పోతుంది కాబట్టి సరిగ్గా చెప్పాలి. ఒక నంబరు ఇచ్చారు. సంచి లోపలికి తీసుకెళ్తుంటే అమ్మ తెలుగులోనే "జాగ్రత్తమ్మా" అంది, ఆ అమ్మాయి అర్థమైనట్టే తలూపింది.

న్యూయార్క్ నగరంలో ఏటా 90 వేల నుంచి 2 లక్షల 30 వేల దాకా పక్షులు భవనాలకి కొట్టుకుని చనిపోతాయని ఇక్కడి పక్షి సంరక్షణ సంస్థ అంచనా. రాత్రి దీపాలు వాటిని దారి తప్పించి ఊళ్ళోకి లాగుతాయి, పొద్దున్న అద్దం చంపుతుంది. ఇండిగో బంటింగ్ అనే నీలం పిట్ట మీద 1960ల్లో స్టీఫెన్ ఎమ్లెన్ అనే శాస్త్రవేత్త ప్లానెటేరియంలో చేసిన ప్రయోగాలు నాకెప్పుడూ గుర్తొస్తాయి. ఆకాశమంతా ధ్రువనక్షత్రం చుట్టూ తిరగడం చూసి, తిరగని చోటే ఉత్తరమని ఆ పిట్టలు మొదటి వలసకి ముందే, చిన్నప్పుడే నేర్చుకుంటాయట. నక్షత్రాలు చూసి దారి తెలుసుకునే పిట్టకి మనం ఇరవై అంతస్తుల దీపాలు పెట్టాం. అమెరికా, కెనడాల్లో 1970తో పోలిస్తే 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయని, అంటే నాలుగో వంతుకి పైనే తగ్గాయని 2019లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అది చదివిన రోజు నుంచి నేను ఒక్కో పిట్టని చూసే పద్ధతి మారింది. ఇదొక్కటి ఉంది, ఇవాళ ఉంది, చూశాను అనుకుంటాను.

కోపం ఎందుకంటే ఇది బాగుచెయ్యలేని జబ్బు కాదు. ఇదే మాన్‌హట్టన్‌లో జావిట్స్ సెంటర్ అనే పెద్ద ఎగ్జిబిషన్ భవనం ఒకప్పుడు పిట్టల పాలిట చావు గోడ. బాగుచేసేటప్పుడు చుక్కలచుక్కల అద్దం పెట్టారు, కొట్టుకునే పిట్టలు సుమారు 90 శాతం తగ్గిపోయాయి. నగరం కూడా చట్టం తెచ్చింది. 2021 జనవరి నుంచి కొత్త భవనాలకి కింది 75 అడుగుల దాకా పిట్టలకి కనపడే అద్దమే వాడాలి. పాత భవనాల సంగతే ఎవరూ పట్టించుకోరు. నేను పనిచేసే భవనం వాళ్ళకి రాత్రి పదకొండు తర్వాత ఖాళీ అంతస్తుల్లో లైట్లు ఆర్పమని మూడుసార్లు మెయిల్ పెట్టాను. రెండుసార్లు "పరిశీలిస్తాం" అని వచ్చింది, మూడోదానికి జవాబే లేదు. మళ్ళీ పెడతాను.

ఇంటికి తిరిగొస్తూ అమ్మ తేలినీలాపురం గురించి మాట్లాడింది. మా ఊరికి దగ్గరే, అక్కడ పెలికాన్లూ ఎర్రకాళ్ళ కొంగలూ ఏటా వచ్చి ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని చేసుకుని పోతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊరివాళ్ళంటారు, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఆ ఏడు రాకపోతే ఊరికి మంచిది కాదనుకుంటారు. చిన్నప్పుడు నేను అమ్మమ్మతో వెళ్ళి ఆ చెట్ల కింద నిలబడితే తల మీద రెట్ట పడింది, ఏడిస్తే అమ్మమ్మ కొంగుతో తుడిచి, కొట్టకూడదు, చుట్టాలు అంది. "ఇక్కడోళ్ళకి చుట్టాలు వచ్చారని కూడా తెలీదు కదే" అంది అమ్మ ట్రైన్‌లో. కోపంగా అనలేదు, ఎవరింట్లోనో కబురు చేరలేదని బాధపడ్డట్టు అంది.

అద్దం మీద చుక్కలు పెడితే పిట్టలు ఆగుతాయా అని ఆ సాయంత్రం నన్ను అడిగింది. పెట్టొచ్చు, కానీ బయటి వైపు పెట్టాలి, చుక్కకీ చుక్కకీ రెండు అంగుళాలు మించకూడదు, అంతకన్నా ఎడం ఉంటే మధ్యలోంచి దూరిపోవచ్చనుకుంటాయి అని చెప్పాను. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బాల్కనీ తలుపు అద్దం నిండా చుక్కలు. నా తెల్ల పెయింట్ మార్కర్ పట్టుకుని, బయట స్టూలు వేసుకుని, స్కేలు లేకుండా దారంతో కొలుచుకుంటూ, చుక్కల ముగ్గు పెట్టినట్టు వరస తర్వాత వరస పెట్టేసింది. ఇరవై రెండు చుక్కలు, ముప్పై ఎనిమిది వరసలు. ఒక్క చుక్క కూడా వంకర లేదు. కలపలేదేం అంటే, "కలిపితే నీకు బయట కనపడొద్దా" అంది.

నాలుగు రోజులకి ఆసుపత్రికి మెయిల్ పెట్టి నంబరు చెప్పి అడిగాను. తల వాపు తగ్గింది, వదిలేశాం అని రెండే ముక్కల జవాబు. అమ్మకి చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది.

మే ఆఖరివారంలో మళ్ళీ పార్కుకి వెళ్ళాం. అప్పటికి పూత రాలిపోయింది, ఆకులు దట్టమయ్యాయి, చూసేవాళ్ళు కూడా తగ్గారు. బ్లాక్‌పోల్ వార్బ్లర్లు వచ్చాయి. అవొచ్చాయంటే ఈ ఏటికి వలస ముగింపుకొచ్చినట్టే. పన్నెండు గ్రాములుంటుంది, పోయేది అలాస్కా, కెనడా ఉత్తరపు అడవులకి. తిరుగు ప్రయాణంలో అయితే ఈ తీరం నుంచి లేచి అట్లాంటిక్ మీదుగా రెండు మూడు రోజులు ఎక్కడా దిగకుండా ఎగురుతుంది. దాని పాట చాలా సన్నం, సిట్ సిట్ సిట్ సిట్ అని సూది మొనలా ఉంటుంది, వయసు మీదపడ్డ చెవులకి అంత సన్నటి శబ్దం అందదు. నా నెత్తి మీదే పాడుతోంది, వింటున్నావా అంటే అమ్మ తల అడ్డంగా ఊపింది. కానీ కొమ్మ వైపు చూసి, "నోరు తెరిచింది, పాడుతోంది, గొంతు కదులుతోంది" అంది. నేను వింటూ, తను చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డాం.

జూన్‌లో అమ్మ వెళ్ళిపోయింది. ఈ ఏడు ఏప్రిల్‌లో మొదటి పైన్ వార్బ్లర్ కనపడ్డ ఆదివారం ఫోన్ చేసి చెప్పాను. అక్కడ రాత్రి, పడుకోబోతోంది. పిట్టలొచ్చాయా, ఓక్ పూసిందా అని అడిగి, తర్వాత అసలు విషయానికొచ్చింది.

"చుక్కలున్నాయా?"

చలికాలం మంచుకి కింది వరసలో ఏడు చెరిగిపోయాయని చెప్పాను. నైరుతి గాలి మొదలయ్యేలోపు దిద్దమంది. ఫోన్ పెట్టేసి స్టూలు బయటికి తీసుకెళ్ళాను.